చిన్న స్టూడియో దేనికోసం నడవాలి?

ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్ లాంటి పేటలో ఫొటో స్టూడియో నడిపే మనిషిని మీ వ్యాపారానికి లక్ష్యం ఏమిటని అడిగితే సాధారణంగా రెండు జవాబులు వస్తాయి. నెల గడవాలి, కెమెరా కిస్తీ కట్టాలి, పిల్లల ఫీజులు కట్టాలి అన్నది ఒకటి. విజిటింగ్ కార్డు మీద అచ్చు వేయించిన నాణ్యత, నమ్మకం, సకాలంలో డెలివరీ అన్నది రెండోది. మొదటిది నిజమే గాని, కిస్తీ కట్టుకోవడానికి స్టూడియోనే పెట్టక్కర్లేదు, మొబైల్ రీచార్జి కొట్టు పెట్టినా సరిపోతుంది. రెండోది ఏ కొట్టు బోర్డు మీద రాసినా నప్పుతుంది, అందుకే ఈ కొట్టు గురించి ఏమీ చెప్పదు. అసలు ప్రశ్న వీటి మధ్య మిగిలిపోతోంది. ఇద్దరు ముగ్గురు పనిచేసే ఫొటోగ్రఫీ వ్యాపారం ఏ విలువలకు కట్టుబడాలి? పదేళ్ళ తర్వాత ఎలా ఉండాలని కోరుకోవాలి?

దీనిమీద మేనేజ్‌మెంట్ పండితులు రాసింది చాలా ఉంది. ఫొటోగ్రఫీ చరిత్రలో పాఠాలున్నాయి. చట్టం చెప్పేదీ ఉంది, ఊరు చెప్పేదీ ఉంది. అన్నీ చూశాక నాకు తేలిన మాట ముందే చెప్తాను: మన చిన్న స్టూడియోలు తమ గొప్పతనాన్ని ఫొటో తీసే చోట వెతుక్కుంటున్నాయి. వాటి విలువలు తేలేది మాత్రం తీసిన ఫొటోని కాపాడే చోట.

ముందు ఊరు. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ని జంక్షన్ చేసి, పక్కనే పెద్ద వర్క్‌షాపు పెట్టింది. కలకత్తా నుంచి కటక్, బరంపురం మీదుగా వాల్తేరు దాకా సాగిన ఆ లైను వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగు కుటుంబాలు పని వెతుక్కుంటూ వెళ్ళి అక్కడే స్థిరపడ్డాయి. మూడు నాలుగు తరాలు గడిచినా ఇంట్లో తెలుగు, బజారులో బంగ్లా, ఆఫీసులో హిందీ మాట్లాడతారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడం వెనక ఈ ఊరి తెలుగువాళ్ళ చిరకాల కోరిక ఉంది. ఒడియావాళ్ళు, తమిళులు, బిహారీలు, పంజాబీలు కూడా ఇక్కడ తరాలుగా ఉన్నారు. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీ వల్ల దేశం నలుమూలల నుంచీ విద్యార్థులు వస్తారు.

ఇలాంటి ఊళ్ళో ఫొటోకి పెళ్ళి ఒక్కటే సందర్భం కాదు. రైల్వే ఉద్యోగి అరవై ఏళ్ళకు రిటైరయ్యేటప్పుడు పెన్షను కాగితాలకు భార్యాభర్తలిద్దరూ కలిసి దిగిన జాయింట్ ఫొటో ఇవ్వాలి. ఆ ఫొటో ఆధారంగానే రేపు ఆయన పోయాక ఆవిడకు ఫ్యామిలీ పెన్షను గుర్తింపు సులువవుతుంది. వర్క్‌షాపులో శాలువా కప్పి పూలదండ వేసే వీడ్కోలు సభ, ఉద్యోగ పరీక్షలకు పాస్‌పోర్టు సైజు, అన్నప్రాశన, మాతా పూజ, దుర్గాపూజ, చివరికి గోడకు తగిలించి దండ వేయడానికి పెద్ద సైజు ఫ్రేము, ఇవన్నీ పేటలోని స్టూడియో పనులే. ఒక కుటుంబం అన్నప్రాశన నుంచి దండ దాకా ఒకే కొట్టుకి రావచ్చు. అంత దీర్ఘమైన సంబంధం మరే చిల్లర వ్యాపారానికీ లేదు. స్టూడియో విలువల గురించి ఆలోచించేవాళ్ళు ఇక్కడి నుంచి మొదలుపెట్టాలని నా ఉద్దేశం.

ఇక మేనేజ్‌మెంట్ సాహిత్యం. 1954లో పీటర్ డ్రక్కర్ వ్యాపారం ఉన్నది లాభం కోసమన్న మాటను పక్కకు పెట్టి, కొనేవాణ్ణి సృష్టించుకోవడమే దాని ప్రయోజనమని వాదించాడు. 1970లో మిల్టన్ ఫ్రీడ్‌మన్, ఆట నియమాలకు లోబడి లాభం పెంచడమే వ్యాపారానికి సామాజిక బాధ్యత అన్నాడు. 1994లో జిమ్ కాలిన్స్, జెర్రీ పోరస్ కలిసి, దీర్ఘకాలం నిలిచిన సంస్థలకు మారని మూల విలువలు కొన్ని ఉంటాయనీ, నష్టం వచ్చినా వాటిని వదలవనీ రాశారు. అప్పటి నుంచి ప్రతి కంపెనీ గోడ మీదా విలువల పట్టిక వెలిసింది. అలాంటి పట్టికలో నిజాయితీకి, గౌరవానికి పెద్దపీట వేసిన ఎన్‌రాన్ 2001లో లెక్కల మోసం బయటపడి కుప్పకూలింది. మరుసటి ఏడాది పాట్రిక్ లెన్సియోని ఒక పనికొచ్చే విభజన చేశాడు: ఏ వ్యాపారానికైనా తప్పని కనీస మర్యాదలు వేరు, ఇంకా లేకపోయినా ఉండాలని కోరుకునేవి వేరు, నిజంగా ఆ సంస్థను నడిపించేవి వేరు. టైముకి ఆల్బమ్ ఇవ్వడం మొదటి కోవలోది. దాన్ని విలువగా ప్రకటించుకోవడం అంటే జీతం తీసుకుంటున్నందుకు ఆఫీసుకి వస్తానని ప్రమాణం చేయడమే.

2015లో గ్విసో, సపియెంజా, జింగాలెస్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు అమెరికాలోని పెద్ద కంపెనీలను పరిశీలించారు. వెబ్‌సైట్లలో ప్రకటించుకున్న విలువలకూ ఆ కంపెనీల ఫలితాలకూ సంబంధం కనబడలేదు. పైవాళ్ళు మాట మీద నిలబడతారని అక్కడి ఉద్యోగులు నమ్మిన చోట మాత్రం ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. ఈ మొత్తం సాహిత్యంలో చిన్న స్టూడియోకి అన్నిటికంటే పనికొచ్చేది ఇదేనని నాకనిపిస్తుంది. రాసుకున్న మాటకు బలం లేదు, పక్కన పనిచేసే కుర్రాడు నమ్మిన మాటకు ఉంది. స్టూడియోలో ఆ కుర్రాడు లైటు పట్టుకుని ఓనరు పక్కనే నిలబడి ఉంటాడు. కస్టమరుతో ఏం చెప్పామో, కంప్యూటర్ దగ్గర ఏం చేశామో రెండూ అతనికి తెలుసు.

ఫొటోగ్రఫీ చరిత్ర ఇంకో దారిలో ఇక్కడికే తీసుకొస్తుంది. మనకు దగ్గరి ఉదాహరణ హైదరాబాద్. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో ఘోషా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని కెన్నీ-లెవిక్ అనే మహిళ చేతికిచ్చాడు. మగవాళ్ళ చూపు పడకుండా ఆడవాళ్ళు ఫొటో దిగే చోటు అది. ఎవరి ముఖం ఎవరు చూడాలన్న ప్రశ్నకు జవాబివ్వడం ద్వారా ఆయన కొత్త గిరాకీ సంపాదించాడు. తర్వాత కలకత్తాలో అన్నపూర్ణా దత్తా ఫొటోగ్రఫీనే బతుకుతెరువు చేసుకుని, పరదా పాటించే ఇళ్ళకు వెళ్ళి స్త్రీల ఫొటోలు తీసింది. ఈ ఇద్దరి పనిలోనూ విలువ, వ్యాపారం వేరుగా లేవు. ఒద్దికగా ఉండే మనిషికి భరోసా ఇవ్వడమే వాళ్ళు అమ్మిన సరుకు.

క్రిస్టఫర్ పిన్నీ అనే మానవశాస్త్రవేత్త మధ్యప్రదేశ్‌లోని నాగ్దాలో చిన్న స్టూడియోలను దగ్గరగా చూసి 1997లో కామెరా ఇండికా అనే పుస్తకం రాశాడు. నాగ్దా కూడా రైలు జంక్షనే, ఫ్యాక్టరీ ఊరే. ఖరగ్‌పూర్‌కి వయసులో తమ్ముడనుకోవచ్చు. అక్కడి స్టూడియోకి వచ్చేవాళ్ళు ఉన్నదున్నట్టు తీయమని అడగరు. తెరలు, దుస్తులు, ఒకే మనిషి రెండుసార్లు కనబడే డబుల్ ఎక్స్‌పోజర్లు, ఇలా తాము కావాలనుకున్న మనిషిగా కనబడటానికి వస్తారు. పిన్నీ దీన్ని చులకన చేయలేదు. అది సరైన పనే. నిజాయితీ అంటే ఉన్నది ఉన్నట్టు చూపడమేనని స్టూడియో విలువల్లో రాసుకుంటే, సగం పని అబద్ధం అయిపోతుంది. కస్టమరు కోరుకున్న వేషం వేయడం తప్పు కాదు. అడగకుండా ముఖాన్ని మార్చడం తప్పు.

మన స్టూడియోల్లో ఈ తప్పు రోజూ జరుగుతోంది. పెళ్ళికూతురి ఫొటో ఎడిటింగుకి రాగానే మొదట చేసే పని చర్మం రంగు తేల్చడం. పాస్‌పోర్టు ఫొటోకి కూడా చేస్తారు. సంబంధాలకు పంపే ఫొటో అయితే చెప్పనే అక్కర్లేదు. ఎవరూ అడగరు, ఎవరూ వద్దనరు. సాఫ్ట్‌వేరులో ముందే పెట్టుకున్న సెట్టింగు అందరి మీదా ఒకేలా పనిచేస్తుంది. ఈ జబ్బుకి పాత మూలాలున్నాయి. కోడాక్ కలర్ ల్యాబులు దశాబ్దాల పాటు షర్లీ కార్డులనే తెల్లజాతి యువతి ఫొటో నమూనాతో రంగులు సరిచూసుకునేవి, నల్లని చర్మం ఆ లెక్కలోకి సరిగ్గా రాలేదు. మన దగ్గర 2014లో ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ, నల్లగా ఉన్నవాళ్ళను తక్కువ చేసి చూపరాదని మార్గదర్శకాలిచ్చింది. 2020లో ఫెయిర్ అండ్ లవ్‌లీ పేరే మారింది. క్రీము కంపెనీ వెనక్కి తగ్గిన చోట పేటలోని స్టూడియో ఇంకా ముందుకే వెళ్తోంది. నల్లగా ఉన్న అమ్మాయి తన పెళ్ళి ఆల్బమ్ తెరిచి, ఇది నేను కాదు అనుకునేలా చేసే హక్కు ఏ ఎడిటరుకీ లేదు. ముఖం రంగు మార్చం, కావాలంటే మీరే చెప్పండి అని ఆర్డరు పుస్తకంలో రాసుకున్న స్టూడియో నా లెక్కలో ఒక పెద్ద విలువను సంపాదించుకున్నట్టే. ఇప్పుడు పాత ఫొటోలు బాగుచేసే ఏఐ యాప్‌లతో ఇది ఇంకా తీవ్రమైంది. చెదలు తిన్న తాతగారి ఫొటో ఇస్తే, ముక్కు కళ్ళు తీరుగా ఉన్న ఇంకెవరిదో ముఖం వస్తుంది. కుటుంబం సంతోషంగా ఫ్రేము కట్టించుకుంటుంది. మనవలకు తాతయ్య అంటే ఆ ముఖమే అవుతుంది.

ఇక ముందే చెప్పిన మాట, కాపాడటం. 1860ల్లో మొదలైన కలకత్తా స్టూడియో బోర్న్ అండ్ షెపర్డ్‌లో 1991లో అగ్నిప్రమాదం జరిగి, నెగెటివ్‌లు, పాత ఫొటోల్లో చాలాభాగం పోయింది. 2016లో స్టూడియోయే మూతపడింది. నూటయాభై ఏళ్ళు కెమెరా పట్టిన సంస్థ దాచిన దాంట్లో చాలా మటుకు దక్కలేదు. నెగెటివ్‌ల కాలంలో చిన్న స్టూడియోవాళ్ళు కనీసం నంబరు వేసి కవర్లలో పెట్టేవాళ్ళు, ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చి అడిగినా వెతికి కాపీ తీసిచ్చేవాళ్ళు. డిజిటల్ వచ్చాక ఆ అలవాటు పోయింది. పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, బ్యాలెన్సు తీసుకుని, నాలుగు నెలలకు డిస్కు ఖాళీ చేసేస్తున్నారు. ఖాళీ చేస్తున్నామని కుటుంబానికి చెప్పేవాళ్ళు అరుదు.

ఇందులో లెక్క కూడా ఉంది, అది వేసుకోకుండా కాపాడతామనడం కుదరదు. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక్కో రా ఫైలు సుమారు 25 ఎంబీ అనుకుందాం. పెళ్ళిలో మూడు వేల ఫొటోలైతే 75 జీబీ. 4కే వీడియో సెకనుకు వంద మెగాబిట్ల వేగంతో తీస్తే గంటకు 45 జీబీ, నాలుగు గంటలకు 180 జీబీ. ఒక్క పెళ్ళికే 255 జీబీ అవుతుంది. ఏడాదికి ముప్పై పెళ్ళిళ్ళు చేసే స్టూడియోకి ఏడున్నర టెరాబైట్లు దాటుతుంది. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన నియమం ఒకటుంది: మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి. అలా అన్నీ దాచడం చిన్న కొట్టు వల్ల కాకపోవచ్చు. అయితే ఎంపిక చేసిన మూడు నాలుగు వందల ఫొటోలను, ఎడిట్ చేసిన వీడియోను పదేళ్ళు దాచడం కష్టం కాదు. రెండో డిస్కు కొట్టులో కాకుండా ఇంట్లో పెడితే వేరే చోటు నియమం కూడా తీరుతుంది. ఆ డిస్కుల ఖర్చు ప్యాకేజీ ధరలో కలపాలి, కలిపామని కస్టమరుకి చెప్పాలి. డ్రోన్‌కీ ఎల్ఈడీ తెరకీ బిల్లులో చోటున్నప్పుడు పదేళ్ళ భద్రతకు ఎందుకు ఉండకూడదు? అడిగిచూస్తే చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళు ముందు దీనికే డబ్బిస్తారని నా నమ్మకం.

కాపాడటం అంటే పోకుండా చూడటం ఒక్కటే కాదు, బయటకు పోకుండా చూడటం కూడా. ఫొటో ఎవరు తీస్తే వాళ్ళదే అని చాలామంది ఫొటోగ్రాఫర్లు అనుకుంటారు. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద తీసిన ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు డబ్బిచ్చి తీయించుకున్న మనిషి. అంటే మాంగల్యధారణ ఫొటోని స్టూడియో ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పెట్టాలంటే ఆ కుటుంబం ఒప్పుకోవాలి. 2017లో సుప్రీంకోర్టు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అంగీకారం కావాలంటోంది. పుట్టినరోజు ఫొటోలు, ఓణీల ఫంక్షను రీళ్ళు అడక్కుండా పెట్టే అలవాటు మానడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. చట్టం లేకపోయినా మానాల్సిందే. పన్నెండేళ్ళ అమ్మాయిని పీటల మీద కూర్చోబెట్టి తీసిన వీడియో ఊరందరి ఫోన్లలో తిరగడం ఆ అమ్మాయికి నచ్చుతుందో లేదో ఎవరూ అడగలేదు.

ఇంకో విలువ కొన్ని పనులు వద్దనడంలో తేలుతుంది. ప్రీ-వెడ్డింగ్ షూట్లు వచ్చాక రైలుపట్టాల మీద నిలబడి ఫొటో దిగాలన్న ముచ్చట పెరిగింది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం 1,072 మీటర్ల పొడవుతో ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, ఆ తర్వాత హుబ్బళ్ళి దాన్ని దాటాయి. ఆ మోజు మాత్రం తగ్గలేదు. స్టేషనులో వ్యాపారపరమైన షూటింగుకి రైల్వే అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా పట్టాలెక్కడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. గ్యాంగ్‌మెన్ కుటుంబాలున్న ఊళ్ళో పట్టాల ప్రమాదం గురించి ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. డ్రోన్ సంగతి ఇంకా సున్నితం. ఊరికి పక్కనే కలైకుండా వైమానిక దళ స్థావరం ఉంది. 2021 డ్రోన్ నియమాల ప్రకారం ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ జోనులో ఉందో చూసుకోవాలి, రెడ్ జోనులోనైతే కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పదు. పక్క స్టూడియో ఎగరేస్తోంది కాబట్టి మేమూ ఎగరేస్తాం అన్నది లక్ష్యం కాదు, భయం. ఈ పని చేయం అని ప్యాకేజీ కాగితం మీదే రాసుకుంటే బేరమాడేటప్పుడు ఇబ్బంది ఉండదు.

పనివాళ్ళ సంగతి చాలా వ్యాసాల్లో కనబడదు. రాత్రి పన్నెండు దాటాక వచ్చే ముహూర్తానికి సాయంత్రం ఆరు నుంచే నిలబడే లైటు కుర్రాడికి, రెండో కెమెరా పట్టిన అబ్బాయికి ఎంతిస్తున్నారు, ఎప్పుడిస్తున్నారు, భోజనం ఎవరు చూస్తున్నారు అన్నవి ఏ విలువల పట్టికలోనూ ఉండవు. బ్యాలెన్సు వచ్చాక ఇస్తాం అనడం ఈ వృత్తిలో పాత అలవాటు. కస్టమరు ఆలస్యం చేసిన భారం అందరికంటే తక్కువ సంపాదించే మనిషి మీద పడుతుంది. అప్పగింతలు ముగిసిన పొద్దున్నే కూలి చేతిలో పెట్టడం చిన్న స్టూడియోకి సాధ్యమైన, అందరికీ కనబడే నిజాయితీ. దానికోసం అడ్వాన్సు కొంచెం ఎక్కువ అడగాల్సి వస్తే అడగాలి.

ఇప్పుడు లక్ష్యాల మాట. విలువ అంటే ఎలా నడుస్తామన్నది, లక్ష్యం అంటే ఎక్కడికన్నది. చాలామంది ఏడాదికి ఇన్ని పెళ్ళిళ్ళు అని పెట్టుకుంటారు. ఖరగ్‌పూర్‌లో ఆ లెక్క వేసుకోవడానికి ఊరి పంచాంగాలు రెండూ చూడాలి. మనకు ఆషాఢంలో ముహూర్తాలు లేవు, బెంగాలీలకు ఆషాఢ శ్రావణాల్లో పెళ్ళిళ్ళు జరుగుతాయి. వాళ్ళకు భాద్రం, పౌషం, చైత్రం పనికిరావు. గాయే హొలుద్, శుభదృష్టి, సిందూర్‌దాన్ ఎప్పుడు ఏ క్షణంలో జరుగుతాయో తెలిసిన తెలుగు ఫొటోగ్రాఫరుకి ఆషాఢం ఖాళీ నెల కాదు. అలాగే జీలకర్ర బెల్లం, తలంబ్రాల వరస తెలిసిన బెంగాలీ కుర్రాడు ఈ ఊళ్ళో రెండింతలు పనికొస్తాడు. కొత్త లెన్సు కొనడం కంటే ఇంకో కులం, ఇంకో భాష వాళ్ళ పెళ్ళితంతు శ్రద్ధగా నేర్చుకోవడం ఇక్కడ మంచి లక్ష్యం. దానికి కిస్తీ లేదు, ఫలితం మాత్రం వెంటనే కనబడుతుంది.

పెళ్ళిళ్ళ సంఖ్య పెంచడాన్నే లక్ష్యం చేసుకోవడం మీద నాకు అనుమానం ఉంది. సేవల వ్యాపారానికి ఏడాదికి 20 లక్షల టర్నోవరు దాటితే జీఎస్టీ వస్తుంది, మనుషుల్ని పెంచాలి, ఎడిటింగు బయటకివ్వాలి, అక్కడితో ముఖాలు ఎవరి కంప్యూటర్లో ఉన్నాయో ఓనరుకే తెలియదు. పెరగొద్దనడం లేదు. పెరిగితే ఏది చెయ్యి జారిపోతుందో ముందే చూసుకోవాలి. నా దృష్టిలో పేట స్టూడియోకి సరైన లక్ష్యాలు ఇలాంటివి: మూడేళ్ళలో వచ్చే గిరాకీలో సగం పాత కుటుంబాల నుంచే రావాలి, రిటైరయ్యే ప్రతి రైల్వే కుటుంబం జాయింట్ ఫొటోకి మన దగ్గరికే రావాలి, ఆ ఫైలు పదేళ్ళ తర్వాత అడిగినా దొరకాలి, మన దగ్గర మూడేళ్ళు పనిచేసిన కుర్రాడు సొంతంగా పెళ్ళి చేయగలగాలి. వీటన్నిటినీ కొలవొచ్చు. ఆర్డరు పుస్తకం ముందు పెట్టుకుంటే గంటలో తేలిపోతుంది.

ఆ గంట ఎప్పుడన్నది కూడా ఊరే చెప్తోంది. బెంగాలీ భాద్రం, మన భాద్రపదం కొంతవరకు కలుస్తాయి, ఆ రోజుల్లో రెండు పక్కలా పెళ్ళిళ్ళు ఉండవు. భాద్ర మాసం చివరి రోజున, సెప్టెంబరు 17 ప్రాంతంలో, వర్క్‌షాపులోనూ కొట్లలోనూ విశ్వకర్మ పూజ చేసి పనిముట్లకు బొట్టు పెడతారు. దానికి వారం ముందే స్టూడియోలో అందరూ కూర్చుని పాత డిస్కులు ఒక్కొక్కటీ తగిలించి తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి, మొండికేసినదాన్ని కొత్తదాంట్లోకి ఎక్కించాలి. పదేళ్ళు నిండిన కుటుంబాలకు ఫోన్ చేసి, మీ ఫొటోలు ఉంచమంటారా తీసేయమంటారా అని అడగాలి. పూజ సీజను మొదలయ్యేలోగా కుర్రాళ్ళ కూలి ఎంత పెంచాలో వాళ్ళ ముందే తేల్చాలి.